10 పౌండ్లకి అమ్మేసిన ఇల్లు: ఆల్ఫ్రిస్టన్ క్లర్జీ హౌస్ ఎలా కట్టారు, ఎలా మిగిలింది?

ఈ ఎపిసోడ్ మొత్తం ఒకే ఒక్క ఇంటి గురించి. అది కోట కాదు, ప్యాలెస్ కాదు. ఇంగ్లండ్ దక్షిణాన సస్సెక్స్ అనే ప్రాంతం ఉంది. అక్కడ ఆల్ఫ్రిస్టన్ అనే చిన్న పల్లెటూరు. ఆ ఊళ్లో చర్చి పక్కన, గడ్డి కప్పుతో, చెక్క ఫ్రేముతో ఉన్న ఇల్లు. వయసు 600 ఏళ్ల పైమాటే.

1896లో ఆ ఇంటిని 10 పౌండ్లకి అమ్మేశారు. ఆ రోజుల్లో 10 పౌండ్లంటే మరీ చిల్లర డబ్బులేం కాదు. కానీ ఒక ఇంటికి అది పేరుకి ధర, అంతే. అంటే అమ్మినవాళ్ల లెక్కలో ఆ ఇంటి విలువ దాదాపు సున్నా.

కొన్నది ఎవరో తెలుసా? నేషనల్ ట్రస్ట్. అంతకు ముందు ఏడాదే, 1895లో, ఆక్టేవియా హిల్, రాబర్ట్ హంటర్, హార్డ్‌విక్ రాన్‌స్లీ అనే ముగ్గురు కలిసి పెట్టిన సంస్థ. ఇప్పుడు దానికి 50 లక్షల మందికి పైగా సభ్యులున్నారు, వందల పాత కట్టడాలున్నాయి. ఆ లిస్టులో వాళ్లు డబ్బు పెట్టి కొన్న మొట్టమొదటి కట్టడం ఈ గడ్డి ఇల్లే.

ఒకరు సున్నా అన్న ఇంట్లో ఇంకొకరికి ఏం కనిపించింది? ఈ ప్రశ్నకి జవాబు ఆ ఇంటి చెక్కల్లో, గోడల్లో, నేలలో ఉంది. అందుకే ముందు ఇల్లు ఎలా కట్టారో చూద్దాం, తర్వాత అది ఎలా బతికిందో చూద్దాం.

పేరు పాదిరి గారిది, ప్లాన్ రైతుది

క్లర్జీ హౌస్ అంటే చర్చి చూసుకునే గురువు ఉండే ఇల్లు. మన ఊళ్లలో ఫాదర్ గారి బంగళా, పాస్టర్ గారి ఇల్లు అంటాం కదా, అదే. చర్చికి దగ్గర్లో ఉంటుంది, చర్చి ఆస్తిగా ఉంటుంది, గురువు మారితే కొత్తాయన అందులోకి వస్తారు.

కానీ ఆల్ఫ్రిస్టన్ ఇంటి ప్లాన్ చూస్తే అందులో "చర్చి" అనిపించేది ఏమీ లేదు. ఆ చుట్టుపక్కల కాస్త కలిగిన రైతులు ఎలాంటి ఇళ్లు కట్టుకున్నారో, అచ్చం అదే డిజైన్. దీన్ని వీల్డెన్ ఇల్లు అంటారు. వీల్డ్ అనేది కెంట్, సస్సెక్స్ ప్రాంతాల్లోని అడవి నేల పేరు. ఆ మాటకి పాత ఇంగ్లీషులో అర్థం కూడా అడవే. అడవి నిండా ఓక్ చెట్లు. అందుకే అక్కడి ఇళ్లన్నీ ఓక్ చెక్కతోనే.

టైమింగ్ కూడా చూడండి. 1348, 1349లో ఇంగ్లండ్‌ని ప్లేగు ఊడ్చేసింది. పనిచేసే మనుషులు తగ్గిపోయారు, కూలి రేట్లు పెరిగాయి, బతికినవాళ్లలో కొందరికి భూమి కలిసొచ్చింది. ఆ తర్వాతి తరాల్లో జమీందార్లు కాని మామూలు రైతులు కూడా గట్టి ఇళ్లు కట్టుకోగలిగారు. ఈ రకం ఇళ్లు ఎక్కువగా ఆ కాలంవే.

బొమ్మ గీసుకుందాం

ఒక పొడవాటి దీర్ఘచతురస్రం ఊహించుకోండి. దాన్ని మూడు ముక్కలు చేయండి. మధ్య ముక్క పెద్దది. దాని పేరు హాల్. రెండు చివర్లలో రెండు ముక్కలు, ఒక్కొక్కటి రెండు అంతస్తులు.

మధ్య హాల్‌కి మాత్రం పై అంతస్తు లేదు. నేల మీద నిలబడి తల ఎత్తితే నేరుగా ఇంటి కప్పు లోపలి భాగం కనిపిస్తుంది. తినడం, మాట్లాడుకోవడం, పనివాళ్లు పడుకోవడం, అన్నీ అక్కడే.

ఒక చివర యజమాని గదులు: కింద కూర్చునే గది, పైన పడక గది. రెండో చివర సామాన్ల గదులు. అందులో ఒకటి పీపాలు పెట్టే గది, ఇంకొకటి రొట్టెలు దాచే ప్యాంట్రీ. ట్రైన్లో ప్యాంట్రీ కార్ అంటాం కదా, ఆ మాటకి మూలం రొట్టె. మన పావ్ భాజీలో "పావ్" కూడా అదే లాటిన్ మాట నుంచి పోర్చుగీసు మీదుగా మన దగ్గరికి వచ్చింది.

ఇప్పుడు ఒక పజిల్. ఒక చివర పై గదిలో మీరున్నారు. రెండో చివర పై గదికి వెళ్లాలి. ఎలా? మధ్యలో పై అంతస్తే లేదు కాబట్టి, ఇటు దిగాలి, హాల్ దాటాలి, అటు ఎక్కాలి. అంటే ఇంట్లో ఎవరు ఎటు వెళ్లినా హాల్ మీదుగానే. ప్రైవసీ అనే ఫీచర్ ఈ డిజైన్‌లో చాలా తక్కువ. మన గోదావరి జిల్లాల మండువా లోగిలి గుర్తు తెచ్చుకోండి. మధ్యలో ఆకాశం కనిపించే మండువా, చుట్టూ గదులు, ఎవరు ఎటు పోయినా దాని పక్కనుంచే. అక్కడ వానలు, చలి కాబట్టి మధ్య భాగానికి కప్పు వేసుకున్నారు. తేడా అంతే.

పొయ్యి ఉంది, పొగగొట్టం లేదు

హాల్‌కి అంత ఎత్తు ఎందుకు? అందం కోసం అనుకుంటాం. అసలు కారణం పొగ.

హాల్ మధ్యలో నేల మీదే పొయ్యి. గోడకి ఆనించి కాదు, నడిమధ్యలో. పొగగొట్టం లేదు. పొగ పైకి లేచి, కప్పు లోపల తేలుతూ, సందుల్లోంచి మెల్లగా బయటికి పోయేది. కప్పు ఎత్తుగా ఉంటే పొగ మనుషుల తలల మీదకి దిగకుండా పైనే ఉంటుంది. అంటే హాల్ ఎత్తు ఒక రకంగా ఆ ఇంటి ఎగ్జాస్ట్ సిస్టమ్. ఇలాంటి ఇళ్లలో కప్పు కింద దూలాలకి ఈరోజుకీ పొగ మసి అంటుకుని ఉంటుంది. ఈ ఇంటి మధ్యలో ఒకప్పుడు పొయ్యి ఉండేది అని చెప్పే సాక్ష్యం ఆ నలుపే. ఎవరైనా "శుభ్రం చేద్దాం" అని గీకేస్తే సాక్ష్యం పోయినట్టే.

కిటికీలకి గాజు లేదు. గాజు అప్పట్లో చాలా ఖరీదు. నిలువు చెక్క కమ్మీలు, లోపలి నుంచి చెక్క తలుపులు. గాలి కావాలంటే చలి కూడా వస్తుంది. ఇంగ్లీషు "విండో" అనే మాటకి అసలు అర్థం "గాలి కన్ను". మన "గవాక్షం" అంటే "ఆవు కన్ను". రెండు భాషలవాళ్లకీ గోడలో రంధ్రం చూస్తే కన్నే గుర్తొచ్చిందన్నమాట.

ముందుకు పొడుచుకొచ్చిన పై అంతస్తు

వీల్డెన్ ఇంటిని రోడ్డు మీదనుంచే గుర్తుపట్టొచ్చు. రెండు చివర్ల పై అంతస్తులు కింది గోడ కంటే కొంచెం ముందుకు వచ్చి ఉంటాయి. మధ్య హాల్‌కి పై అంతస్తు లేదు కాబట్టి ఆ భాగం లోపలికి ఉన్నట్టు కనిపిస్తుంది. కానీ పైన చూరు మాత్రం ఒకే గీతలో, ఈ చివరి నుంచి ఆ చివరి దాకా సాగుతుంది. మధ్యలో చూరు కింద గోడ లేదు కదా, మరి దాన్ని మోసేదెవరు? రెండు పక్కల నుంచి వంపు తిరిగిన చెక్కలు చేతులు చాపినట్టు వచ్చి దాన్ని పట్టుకుంటాయి.

పై అంతస్తు ముందుకు ఎందుకు తెచ్చారు? ఒకటి, పైన కాస్త చోటు ఎక్కువ వస్తుంది. రెండోది ఇంజినీరింగ్. పై ఫ్లోర్ చెక్కల మధ్యలో మంచం, మనుషులు, సామాన్ల బరువు పడితే అవి కిందికి వంగుతాయి. కొసలు గోడ దాటి బయటికి వచ్చి, ఆ కొసల మీద పై గోడ బరువు పడితే, మధ్య భాగం వంగడం తగ్గుతుంది. మొన్నటి దాకా బీటెక్‌లో క్యాంటిలీవర్ బీమ్ అని లెక్కలు వేసినవాళ్లకి ఇది వెంటనే వెలుగుతుంది. పుస్తకం లేకుండా వడ్రంగులు దీన్ని చేత్తో కనిపెట్టారు.

ఇక కప్పు. రెండు వాలు వాసాలు కలిసి ఒక జత. ప్రతి జతకీ మధ్యలో ఒక అడ్డ చెక్క, ఇంగ్లీషు ఏ అక్షరంలోని అడ్డ గీతలా. ఇలాంటి జతలు వరసగా నిలబడితే ఒక ప్రమాదం ఉంది. గట్టి గాలి వస్తే ఒకదాని మీద ఒకటి డొమినోల్లా పడిపోవచ్చు. దానికి మందుగా ఆ అడ్డ చెక్కలన్నిటి కింద ఇంటి పొడవునా ఒక దూలం నడిపారు. ఆ దూలాన్ని మోయడానికి హాల్‌కి అడ్డంగా ఉన్న పెద్ద దూలం నడుమ ఒక పొట్టి స్తంభం నిలబెట్టారు. మన గుడిసెల్లో నిట్రాట చేసే పనే ఇది. కాకపోతే నిట్రాట నేల మీద నిలబడుతుంది, ఇది దూలం మీద. అందుకే కింద హాల్ నడుమ స్తంభం అడ్డు రాదు. ఆ పెద్ద దూలం ఇంకో పని కూడా చేస్తుంది: కప్పు బరువుకి రెండు పక్కల గోడలు బయటికి తోసుకుపోకుండా పట్టి ఉంచుతుంది.

600 ఏళ్ల క్రితం ఫ్లాట్ ప్యాక్

ఈ ఫ్రేమ్‌ని స్థలంలో ఒక్కో చెక్కా నిలబెడుతూ కట్టరు. ముందు వడ్రంగి తన యార్డులో నేల మీద పరిచి, ప్రతి జాయింటూ అమర్చి చూసి, నంబర్లు వేసి, విప్పేసి, స్థలానికి తెచ్చి మళ్లీ బిగిస్తారు. ఆ నంబర్లు ఎక్కువగా రోమన్ అంకెలు. ఎందుకంటే ఉలితో గీతలు కొట్టడం తేలిక, వంపులు చెక్కడం కష్టం. ఆన్‌లైన్లో ఆర్డర్ చేసిన షెల్ఫ్ స్టిక్కర్ నంబర్లతో వస్తుంది కదా, అదే ఐడియా.

జాయింట్లలో ఇనుప మేకులు ఉండవు. ఒక చెక్క కొసని నాలుకలా చెక్కి, ఇంకో చెక్కలో తొలిచిన గాడిలో దూరుస్తారు. తర్వాత రెండిటి గుండా రంధ్రం, అందులో చెక్క మేకు. ఇక్కడ ఒక ట్రిక్ ఉంది. రెండు చెక్కల్లోని రంధ్రాలు ఒకే లైన్లో ఉండవు, కావాలనే ఒక్క పిసరు పక్కకి పెడతారు. మేకు కొడుతుంటే అది రెండు చెక్కల్నీ దగ్గరికి లాగి బిగిస్తుంది.

పైగా ఓక్‌ని పచ్చిగా ఉన్నప్పుడే చెక్కుతారు. ఎండితే అది ఇనుములా గట్టిపడి ఉలికి లొంగదు. ఇల్లు లేచాక చెక్క మెల్లగా ఎండుతూ, ముడుచుకుంటూ, ఎండు మేకుని ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. పాత ఇళ్లలో దూలాలు కాస్త వంకరగా కనిపించేది ఈ ఎండడం వల్లే. వంకర అంటే కూలిపోతోందని అర్థం కాదు.

ఇందులో అసలు విషయం ఏంటంటే, ఇలా బిగించినదాన్ని విప్పొచ్చు. ఒక దూలం కొస కుళ్లితే, ఆ కుళ్లిన ముక్క వరకే కోసి, కొత్త ఓక్ ముక్క అతికి, మళ్లీ మేకు కొట్టొచ్చు. మిగతా ఇల్లు కదలదు. ఈ పాయింట్ గుర్తు పెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

తడిక గోడ, పుల్లటి పాల నేల

ఫ్రేమ్ మధ్య ఖాళీలు ఎలా నింపారో చెబితే మన పెద్దవాళ్లు "ఓస్, ఇదేనా" అంటారు. తడిక అల్లి, దాని మీద మట్టి, గడ్డి, పేడ కలిపి మెత్తారు. పైన సున్నం. అచ్చంగా మన తడిక గోడే. వెదురు బదులు అక్కడి చెట్ల పుల్లలు.

నేల మాత్రం ఆ ఊరి స్పెషల్. ఆల్ఫ్రిస్టన్ ఉన్నది సుద్ద కొండల మధ్య. సుద్దని పొడిచి, పరిచి, గట్టిగా దిమ్మిస కొట్టి, పైన పుల్లటి పాలు పోసి నేల చేశారు. అవును, విరిగిన పాలు. పాలల్లో ఉండే కేసీన్ అనే ప్రొటీన్ జిగురులా పనిచేసి పైపొరని పట్టి ఉంచుతుంది. హాల్లో ఈరోజుకీ ఆ రకం సుద్ద నేలే కనిపిస్తుంది. వింతగా ఉందా? మన దగ్గర గానుగ సున్నంలో బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు కలిపి గోడలు కట్టినవాళ్ల మనవలమే మనం. వంటింట్లో ఉన్నదే గోడల్లోకి వెళ్లింది, అక్కడా ఇక్కడా.

కొండ నుంచి సుద్ద, అడవి నుంచి ఓక్, పొలం నుంచి కప్పు గడ్డి, పశువుల నుంచి పేడా పాలూ. ఇల్లంతా చుట్టుపక్కల దొరికేదాంతోనే.

హాల్లో ఒక మూల దూలం మీద చిన్న ఓక్ ఆకు చెక్కి ఉంది. నేషనల్ ట్రస్ట్ లోగోలో ఉన్నది కూడా ఓక్ ఆకే. ఆ చెక్కుడు చూసే లోగో వచ్చిందని అక్కడ చెప్పుకుంటారు.

మరి పాడెలా అయింది?

16వ శతాబ్దంలో ఇంగ్లండ్ చర్చి రోమ్ నుంచి విడిపోయింది. అంతకు ముందు గురువులకి పెళ్లి లేదు, తర్వాత పెళ్లికి అనుమతి వచ్చింది. గురువు ఇంట్లోకి భార్య, పిల్లలు వచ్చారు. అదే కాలంలో ఇటుక పొగగొట్టాలు మామూలు ఇళ్లలోకి కూడా వచ్చాయి. పొగ గొట్టంలోంచి పోతే హాల్‌కి అంత ఎత్తు అక్కర్లేదు. చాలా ఇళ్లలో హాల్ మధ్యలో ఫ్లోర్ వేసి పైన గదులు చేసుకున్నారు. మనం ఇందాక చెప్పుకున్న పజిల్ అలా తీరింది.

ఇంకా కాలం గడిచేసరికి గురువులకి పెద్ద పెద్ద ఇళ్లు కట్టారు. పాత ఇళ్లు అద్దెకి పోయాయి. ఆల్ఫ్రిస్టన్ ఇల్లు కూడా అలాగే అద్దె ఇల్లయింది. అద్దె తక్కువ, రిపేర్ ఖర్చు ఎక్కువ. గడ్డి కప్పుని వదిలేస్తే వాన లోపలికి దిగుతుంది, వాన దిగితే ఓక్ కూడా కుళ్లుతుంది. 19వ శతాబ్దం చివరికి పడగొట్టేద్దాం అనే నిర్ణయం దాకా వచ్చింది. అందులో అద్దెకున్న ఒక పెద్దావిడ, నేను పోయేదాకా ఉండనివ్వండి అని అడిగారు. ఆవిడ ఉన్నన్నాళ్లు ఇల్లు నిలబడింది.

తర్వాత ఊరి గురువు బెయ్నన్ ఊరుకోలేదు. పాత కట్టడాల రక్షణ కోసం విలియం మోరిస్ 1877లో మొదలుపెట్టిన సంఘాన్ని కలిశారు, తర్వాత కొత్తగా పుట్టిన నేషనల్ ట్రస్ట్‌ని. 10 పౌండ్ల కొనుగోలు అలా జరిగింది. అసలు ఖర్చు రిపేర్‌ది. దానికి జనం దగ్గర చందాలు అడిగారు.

రిపేరా, కొత్తగా రాయడమా?

రిపేర్ చూసుకున్న ఆర్కిటెక్ట్ ఆల్ఫ్రెడ్ పావెల్. మోరిస్ సంఘం పద్ధతి ఒక్క లైన్లో చెప్పాలంటే: పాడైనంత వరకే మార్చు, మిగిలినదాన్ని ముట్టుకోకు, కొత్తదాన్ని పాతదిగా నటింపజేయకు. అప్పటి పెద్ద ఆర్కిటెక్టులు చాలామంది దీనికి వ్యతిరేకంగా పనిచేసేవారు. పాత చర్చిల్ని గీకి, "అసలు ఇలా ఉండేది" అని తమ ఊహ ప్రకారం కొత్తగా చేసేవారు.

సాఫ్ట్‌వేర్ పని చేసినవాళ్లకి ఈ గొడవ బాగా తెలుసు. పాత కోడ్ చూడగానే "మొత్తం మళ్లీ రాసేద్దాం" అనిపిస్తుంది. కానీ అందులో వింతగా కనిపించే ఒక్కో లైను వెనక ఒక్కో కారణం ఉంటుంది. హాల్ ఎత్తు వెనక పొగ ఉన్నట్టు.

మెటీరియల్ విషయం కూడా ముఖ్యం. మట్టి, సున్నం తేమని పీలుస్తాయి, మళ్లీ వదిలేస్తాయి. అలాంటి గోడకి సిమెంట్ పూస్తే పైకి గట్టిగా, నున్నగా కనిపిస్తుంది. కానీ లోపలికి వెళ్లిన తేమ బయటికి రాలేక, పక్కనున్న చెక్కని కుళ్లబెడుతుంది. ఇంగ్లండ్‌లో ఎన్నో పాత ఇళ్లు ఇలా మంచి చేద్దామనుకున్న సిమెంట్ వల్లే పాడయ్యాయి. మన పాత సున్నం గోడలకీ ఇదే సూత్రం. తేమకి ఉబ్బిన గోడకి సిమెంట్ పూస్తే రెండేళ్లలో పెచ్చులు ఊడటం మీలో చాలామంది చూసే ఉంటారు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకి వద్దాం. 10 పౌండ్ల ఇంట్లో ఏం కనిపించింది? అందులో రాజులెవరూ ఉండలేదు, యుద్ధాలేవీ జరగలేదు. మామూలు మనుషులు ఎక్కడ వండారు, ఎలా పడుకున్నారు, చలిని ఎలా భరించారు, ఏ చెక్కని ఎలా బిగించారు, అవన్నీ అక్కడ ఉన్నాయి. ఇవి ఏ రాజు శాసనంలోనూ రాయరు. ఇల్లు పడగొడితే ఆ సమాచారం డిలీట్ అయిపోతుంది, బ్యాకప్ లేదు. ఇంకోటి, ఆ ఇల్లు నిలిచింది బలం వల్ల మాత్రమే కాదు. ముక్క ముక్కగా రిపేర్ చేసుకునేలా కట్టారు కాబట్టి, చేసేవాళ్లు దొరికారు కాబట్టి.

అన్ని పాత ఇళ్లూ ఉంచేయాలని నేను అనను. వానకి కారే ఇంట్లో ఉండేవాళ్ల కష్టం వాళ్లకే తెలుసు, పక్కా ఇల్లు కావాలనుకోవడంలో తప్పేం లేదు. కానీ మీ తాతగారి ఇల్లు పడగొట్టే రోజు వస్తే, ముందు ఒక పూట కేటాయించండి. మీ చేతిలో ఫోన్ ఉంది. ప్రతి గదిలో నాలుగు మూలల నుంచి ఫోటోలు తీయండి. కప్పు కింద నిలబడి పైకి వీడియో తీయండి. టేపు పెట్టి కొలతలు రాసుకోండి, కాగితం మీద ప్లాన్ గీయండి. అమ్మమ్మనో తాతయ్యనో పక్కన కూర్చోబెట్టి దూలం, చూరు, అటక, గూడు, ఒక్కోదాని పేరూ, దేనికి వాడేవారో చెప్పించి రికార్డ్ చేయండి. ఊళ్లో సున్నం పని తెలిసిన మేస్త్రీ, పాత జాయింట్లు తెలిసిన వడ్రంగి ఇంకా ఉంటే వాళ్ల మాట ముందు రికార్డ్ చేయండి, ఎందుకంటే ఇల్లు ఇంకో ఏడాది ఆగుతుంది, వయసు ఆగదు.

ఆ తర్వాత రిపేరా, కొత్త ఇల్లా అనేది మీ ఇంట్లోవాళ్ల నిర్ణయం. కనీసం ఏం పోతోందో తెలిసి నిర్ణయం తీసుకున్నట్టు అవుతుంది.

మీ ఊళ్లో ఇలాంటి ఇల్లు ఉంటే దాని కప్పు ఎలా నిలబడిందో ఒకసారి తల ఎత్తి చూడండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటానండి.